పులివెందుల పక్కన సముద్రం, దాని మీద కొర్రలు

ఈ ప్రయాణానికి మూలపురుషుడు కుజుడు. డిగ్రీ పూర్తయి రెండేళ్లు దాటినా నాకు ఉద్యోగం రాకపోవడానికి అసలు కారణమేమిటో ఇంట్లో అందరికీ తెలుసు. అయినా మర్యాదస్తులు కాబట్టి ఆ నింద తీసుకెళ్లి అంగారక గ్రహం మీద వేశారు. కుజుడు శాంతించాలంటే కుడిచేతి ఉంగరపు వేలికి పగడం తొడగాలని జాతకం చూసిన స్వామి చెప్పాడు. ప్రొద్దుటూరులో టీ కొట్టు వెతుక్కోవాలి గానీ బంగారం అంగడి వెతుక్కోనక్కర్లేదు. మర్నాడు పొద్దున్నే మా అమ్మ నన్ను ముందు నడిపించుకుంటూ, దొంగను స్టేషనుకు తీసుకెళ్లినట్టు, మాకు తరతరాలుగా నగలు చేసే శెట్టిగారి అంగడికి తీసుకెళ్లింది.

అక్కడ నేను నా జీవితంలో మొదటి పర్యావరణ పోరాటం చేశాను. నేను జువాలజీ చదివినవాణ్ని. సముద్రాన్ని చూసింది ఒక్కసారే, అదీ కాలేజీ టూరులో, వాంతులయిన బస్సు కిటికీలోంచి. కానీ పగడపు జీవి బొమ్మ గీసి పదికి తొమ్మిది మార్కులు తెచ్చుకున్న చరిత్ర నాది. సముద్రాలు వేడెక్కి పగడపు దిబ్బలు తెల్లబడి చచ్చిపోతున్న కాలంలో, నా ఉద్యోగం కోసం ఇంకో పగడం బలికావడం ధర్మం కాదని ప్రకటించాను. శెట్టిగారు ఉంగరాన్ని దూది మీద పెట్టి కళ్లద్దాల పైనుంచి చూశారు.

"ఏమప్పా, వద్దంటాండావంట. రాయి నచ్చల్యా?"

"అది రాయి కాదు శెట్టిగారూ. ప్రాణులు కట్టుకున్న ఇల్లు."

"ఇప్పుడు ఇంట్లో ఎవరన్నా ఉండారా?"

"లేరు. చచ్చిపోయారు."

"మల్ల ఖాళీ ఇల్లే కదప్పా. తొడుక్కో."

మా అమ్మ నిట్టూర్చింది. "వీని దోషం కుజునిది కాదు శెట్టీ, నోటిది." ఇంకా ఏదో అనబోయింది గానీ అంతలో ఆమె ఫోను మోగింది. అవతల మా ఓబుళరెడ్డి మామ, అంటే అమ్మకు తమ్ముడు. పులివెందుల పక్క పల్లెలో చీనీ (బత్తాయి) తోట చేస్తాడు. మాట్లాడుతుంటే అమ్మ ముఖం మెల్లగా చిన్నదైపోయింది. ఫోను పెట్టేసి, "మన బండకళ్లం తవ్విస్తాండాడంట. ఎల్లుండి పొద్దున మిషనొస్తాదంట, నీళ్ల గుంటకు" అంది. ఉంగరం విషయం మర్చిపోయింది. కుజుడు నాకు చేసిన మొదటి మేలు అదే.

బండకళ్లమంటే తెలియనివాళ్ల కోసం ఒక మాట. పంట నూర్చి, గింజ ఆరబోసే చోటు కళ్లం. మామూలుగా నేల అలికి చేస్తారు. మా మామ పొలంలో మాత్రం నేల మట్టానికి పరుచుకున్న పెద్ద బండ ఉంది, అదే కళ్లం. నా చిన్నప్పుడు మా అవ్వ, అంటే అమ్మ వాళ్లమ్మ, దాని మీద చెనిక్కాయలు (వేరుశెనగ) ఎండబోస్తున్న ఫోటో ఒకటి నా ఫోనులో ఉంది. ఎందుకో ఆ సాయంత్రం దాన్ని జమ్మలమడుగులో ఉన్న నా మిత్రుడు మస్తానుకు పంపాను. వాడు జియాలజీ చదివి, ప్రస్తుతం నాపబండలు పాలిషు పట్టే ఫ్యాక్టరీలో లోడింగు చూస్తున్నాడు. ఫోటో చూసి వెంటనే ఫోను చేశాడు.

"సామీ, అవ్వను పక్కకు జరుపు. ఆమె కింద ఉండేది సూడు. గుండ్రంగా, ఉల్లిగడ్డ కోసినట్ల పొరలు కనపడలేదా?"

కనపడ్డాయి. పుట్టినప్పటి నుంచి కనపడుతూనే ఉన్నాయి. అందుకే ఎప్పుడూ చూడలేదు.

"పగడాలు పుట్టకముందు సముద్రంలో దిబ్బలు కట్టినోళ్ల పనిరా అది. స్ట్రొమాటొలైట్లు. నువ్వు అండమాను పోవాల, పగడపు దిబ్బ సూడాలని ఏడుస్తాంటివే, మీ అవ్వ దాని తాత మీద చెనిక్కాయలు ఎండబోసింది."

అలా మొదలైంది. మర్నాడు పొద్దున ఆరున్నరకు ప్రొద్దుటూరులో ఎర్రబస్సు ఎక్కాను. మీరు నేరుగా ఎర్రగుంట్ల మీదుగా వెళితే త్వరగా చేరతారు. నాకు మస్తాను కావాలి కాబట్టి జమ్మలమడుగు చుట్టు తిరిగాను. గంట లోపు ప్రయాణం, యాభై నోటు ఇస్తే చిల్లర వస్తుంది. ఆడవాళ్లయితే పల్లెవెలుగులో ఆధార్ చూపిస్తే ఆ చిల్లర గొడవ కూడా లేదు. జమ్మలమడుగు బస్టాండు బయట ఉగ్గాని, మిరపకాయ బజ్జి తినకుండా ముందుకు పోవద్దని నా మనవి. భుజానికి సంచులు తగిలించుకున్న యాత్రికులంతా అక్కడ దిగి గండికోట ఆటోల వెంట పడుతున్నారు. మేమిద్దరం వాళ్లకు ఎదురు నడిచి ముద్దనూరు బస్సు ఎక్కాం.

"గండికోటకు ఇది కాదు" అన్నాడు కండక్టరు, మా వాలకం చూసి.

"సముద్రానికి పోతాండాం అన్నా" అన్నాడు మస్తాను.

కండక్టరు ముఖంలో ఏ మార్పూ లేదు. "సముద్రానికి ఈ బస్సు పోదు. ముద్దనూరులో దిగి మద్రాసు రైలెక్కండి" అని రెండు టిక్కెట్లు చింపి ఇచ్చాడు.

ముద్దనూరులో బస్సు మారి, పులివెందుల దారి పట్టాక ఎండ ముదిరింది. ఏప్రిల్ చివర. కిటికీ ఇనుము ముట్టుకుంటే కాలుతోంది. దూరంగా రోడ్డు మీద నీళ్లు నిలిచినట్టు ఎండమావి, దగ్గరికి పోతే వెనక్కి జరుగుతోంది. మస్తాను నిద్రమత్తులో ఉన్నట్టు మెల్లగా చెప్పుకుంటూ పోయాడు. ఈ కొండలు, ఈ నాపరాళ్లు, ఈ బూడిదరంగు బండలు అన్నీ ఒకప్పుడు నీటి అడుగు. దాదాపు రెండు వందల కోట్ల ఏళ్ల కిందటి మాట. కంటికి కనపడని నాచులాంటి జీవులు ఆ లోతులేని నీళ్లలో ఎండ కోసం పైకి పాకేవి. వాటి మీద సన్నటి ఒండ్రు పడేది. అవి దాని మీదికి మళ్లీ పాకేవి. పొర మీద పొర, అప్పడం మీద అప్పడం. "మనం పీలుస్తాండే గాలిలో ప్రాణవాయువు మొదట వాళ్లు వదిలిందే" అన్నాడు. నేను గట్టిగా ఊపిరి పీల్చి చూశాను. డీజిలు వాసన వచ్చింది. అయినా లోలోపల ఎక్కడో ఏదో కదిలింది. బస్సు గుంతల్లో ఊగుతుంటే పడవలో ఉన్నట్టుంది, ఇద్దరి టిక్కెట్లకూ కలిపి రెండు వందలు దాటని పడవ.

మధ్యాహ్నానికి పులివెందుల చేరి, షేర్ ఆటోలో పల్లెకు వెళ్లేసరికి మామ అరుగు మీద కూర్చుని డ్రిప్పు పైపుల్లో ఉప్పు గీకుతున్నాడు.

"ఏం అల్లుడా, పిలవకుండానే వొస్తివే. ఉద్యోగం వొచ్చిందా, ఇంట్లో కూడు పెట్టలేదా?"

అవ్వ రాగిసంగటి, చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి పెట్టింది. సగం ముద్ద మింగి, నేను గొంతు సవరించుకుని విషయం చెప్పాను. బండకళ్లం మామూలు బండ కాదని, పగడపు దిబ్బలకు పూర్వీకురాలని, ఇక్కడ ఒకప్పుడు సముద్రం ఉండేదని. మామ నవ్వలేదు. నీళ్లు తాగి చెంబు కింద పెట్టాడు.

"వెయ్యి అడుగులు బోరేస్తే దుమ్మొచ్చె. ఈడ సముద్రమంట. నీ సముద్రంలో నుంచి నాకొక ట్యాంకరు తోలియ్యి అల్లుడా, ఆ బండకు నేనే పూజ చేస్తా."

తర్వాత తోటలోకి తీసుకెళ్లి చూపించాడు. అక్కడ నా హాస్యం కాస్త వెనక్కి తగ్గింది. చీనీ ఆకులు పైకి ముడుచుకుని, అరచేయి చాచి అడుక్కుంటున్నట్టున్నాయి. కాలువ నీళ్లు వంతులో వస్తాయి. వచ్చినప్పుడు పట్టి దాచుకోవడానికి గుంట లేదు. గుంట లేకపోతే ఈ ఎండాకాలం తోట నిలవదు. బండ ఉన్నచోట చెట్లు లేవు, తవ్విన రాయి కట్టకు పనికొస్తుంది. ఇంకొక చోటు ఉందా అని అడిగాను. తోట కింది కొస చూపించాడు. సగానికి సగం ఎండిన పాత వరుస.

"అది నేను మొదట నాటిన వరస. మొదటి బోరులో నీళ్లు పడిన నాడు నాటినా. దాన్ని పెరికి గుంట తీయమంటావా?"

అననని చెప్పాను. మస్తాను కాలితో మట్టి గీస్తున్నాడు. సముద్రం పెద్దదే, కానీ మామ చెట్లు మా కళ్ల ముందున్నాయి.

సాయంత్రం ఎండ వాలాక బండ దగ్గరికి వెళ్లాం. జేసీబీ అప్పటికే వచ్చి చింతచెట్టు కింద ఆగి ఉంది. దాని డ్రైవరు గంగాధర్, వేంపల్లె కుర్రాడు, మామతో కలిసి బండ చుట్టూ నడుస్తూ, "రెండు పూటల పని రెడ్డీ, పైపొర లేచిందంటే అప్పడం మాదిరి వొస్తాది" అంటున్నాడు. ఆ పోలిక నాకు నచ్చలేదు, పొద్దున బస్సులో మస్తాను వాడుకున్నదే కాబట్టి. నేను చరచరా బండ మధ్యకు నడిచి, చేతులు చాచి, వాలే పొద్దుకు ఎదురుగా నిలబడి ఉపన్యాసం మొదలుపెట్టాను. కాళ్ల కింద గుండ్రటి పొరలు, తెలుపూ బూడిదా, పాలగిన్నెలో మీగడ ముడతలు పడినట్టు, బండ నిండా. బండ పైభాగమంతా ఏనుగు చర్మంలా సన్నటి గీతలు. "ఇది మనందరి వారసత్వం, దీన్ని భావితరాలకు..." అంటుండగా పాదం మీద చీపురు దెబ్బ పడింది.

"చెప్పులిడువు" అంది మా అవ్వ. "రాయిని కాపాడను వొచ్చినోడు దాని నెత్తిన చెప్పుకాలు పెట్టె."

కళ్లంలోకి చెప్పులతో పోకూడదు. గింజ పడే చోటు. ఇది మా వైపు పసిపిల్లలకు కూడా తెలుసు, జువాలజీ చదివినవాళ్లకు తప్ప. చెప్పులు విప్పి చేతిలో పట్టుకుని, ఒంటికాలి మీద కొంగలా బండ అంచుకు వచ్చాను. చెప్పులు పెట్టబోతే అక్కడ అప్పటికే రెండు జతలు ఉన్నాయి. ఒకటి గంగాధర్‌ది. ఇంకొకటి, మడమ అరిగిన తోలు చెప్పులు, మా మామవి. రేపు పొద్దున ఈ బండను పగలగొట్టించబోయే మనిషి దాని మీదికి ఎక్కేముందు చెప్పులు విప్పి, రెండూ పక్కపక్కన సర్ది పెట్టాడు. నేను ఆ చెప్పులను, మామను మార్చి మార్చి చూశాను. మామ నా చూపు చూశాడు.

"అలవాటు" అన్నాడు, ముఖం తిప్పుకుని.

అవ్వ కూడా ఆ చెప్పులను చూసింది.

మామ, గంగాధర్ వెళ్లిపోయాక అవ్వా, మస్తానూ, నేనూ బండ మీదే ఉండిపోయాం. పగలంతా తాగిన ఎండను బండ మెల్లగా తిరిగి ఇచ్చేస్తోంది. వెల్లకిలా పడుకుంటే వీపు కింద ఏదో పెద్ద జంతువు ఊపిరి పీలుస్తున్నట్టుంది. చీనీ ఆకుల చప్పుడు కాసేపటికి ఆకుల చప్పుడు కాకుండా పోయింది. కళ్లు మూసుకున్నాను. మోకాలి లోతు వెచ్చటి నీళ్లు. అందులో చేప లేదు. ఒడ్డున గడ్డిపోచ లేదు. పైన పక్షి లేదు. అసలు చూడటానికి కళ్లున్న జీవి భూమ్మీద ఒక్కటీ లేదు. నీటి మీద పొద్దు పొడుస్తోంది, వాలుతోంది, చూసి బాగుందనే దిక్కు లేదు. అడుగున మాత్రం ఎవరో పని చేసుకుంటున్నారు. పొర. మళ్లీ పొర. ఎవరి మెప్పూ అడగకుండా, మేం వచ్చి పడుకుంటామని తెలియకుండా, మా పరుపు నేస్తున్నారు.

"నిజంగా దీని మీద నీళ్లుండెనా అబ్బీ?" అని అవ్వ అడిగింది.

"ఉండెను అవ్వా" అన్నాడు మస్తాను, వాడూ కళ్లు మూసుకునే.

"అదే అనుకుంటి. కళ్లం కావలికి నేనూ మీ తాతా ఈడే పండుకుంటాంటిమి. ఉయ్యాల ఊగినట్ల ఉండేది. మీ తాతకు జెప్తే కల్లు తాగింది నేనా నువ్వా అనె." అరచేత్తో బండను నిమిరి, "చీనీచెట్లు పెట్టినాక ఈడ గింజ పడలేదు. గింజ పడకపోతే కళ్లం కాదులే, ఉత్త రాయే" అంది. లేచి, చీపురు చంకలో పెట్టుకుని, ఇంటి దారి పట్టింది.

పొద్దున నన్ను లేపింది జేసీబీ కాదు, అదే చీపురు. అవ్వ బండ ఊడుస్తోంది. పక్కన పేడనీళ్ల బకెట్టు, ఒక గోతం. "లెయ్, నీ భావితరాలను లేపు" అని మస్తాను వైపు చూపించింది. ఇద్దరం పక్కకు జరిగాం. ఆమె ఊడ్చి, కళ్లాపి చల్లి, అది ఆరేదాకా గోతం మీద కూర్చుంది. ఆరాక గోతం మూతి విప్పి, కొర్రలు బండ మధ్య కుమ్మరించి, రెండు చేతులతో పలచగా నెరిపింది. లేత పసుపు గింజలు గుండ్రటి పొరల మీదుగా పాకుతూ పోయాయి. కింద ఎన్నో కోట్ల ఏళ్ల నాటి వలయాలు, మీద నిన్నటి కొర్రలు. నేను ఫోటో తీయడం మర్చిపోయాను.

గంగాధర్ మిషను స్టార్టు చేసి, బండ దాకా వచ్చి, ఆపాడు. దిగాడు. చెప్పులు విప్పాడు. గింజలు చూశాడు. మళ్లీ చెప్పులు తొడుక్కున్నాడు.

"కళ్లంలో గింజ ఉండాది రెడ్డీ. నేను ఎక్కీయను."

మామ పరుగు లాంటి నడకతో వచ్చాడు. "ఏందిమ్మా ఇది?"

"పురుగు పట్టినాయి. ఎండకేస్తి."

"మిద్దె మీద వేసుకోరాదా?"

"మిద్దె మీద కోతులు."

"ఎత్తియ్‌మా. గంట బాడుగ మిషనది."

"పరిచిన గింజ ఎండకుండా ఎట్ల ఎత్తుతారురా? ఎండినాక కొలిచి ఎత్తల్ల. కొలిచేది నేను."

"ఎప్పుడెండుతాయి?"

అవ్వ ఆకాశం వైపు చూసింది. "ఆయన్నడుగు."

గంగాధర్ నవ్వు ఆపుకోవడానికి మిషను చక్రం వెనక్కి వెళ్లాడు. మామ నా వైపు చూశాడు. ఆ చూపులో కుజుడు ఉన్నాడు. నేను ఒట్టేసి చెబుతున్నాను, అవ్వకు నేనేమీ నేర్పలేదు. చెప్పులు చూసి తనకు తానే తెలుసుకుంది. పగలగొట్టమని నోటితో చెప్పిన కొడుకు కాళ్లు ఏం చెబుతున్నాయో ఆమె చదివేసింది.

మామ గింజల అంచున చాలాసేపు నిలబడ్డాడు. ఒక్క కాలు ముందుకేసి వంగి, అంచున చెదిరిన నాలుగు గింజలు వేళ్లతో లోపలికి తోశాడు. తర్వాత తోట కింది కొసకు నడిచాడు. ఎండిన వరుసలో మొదటి చెట్టు దగ్గర ఆగి, దాని మాను మీద అరచేయి పెట్టి ఉంచాడు. అక్కడి నుంచే గంగాధర్‌కు చేయి ఊపాడు, ఇటు రమ్మని. మిషను మట్టి తవ్వే చప్పుడు వినపడుతుంటే నాకు గెలిచినట్టు అనిపించలేదు. మస్తాను చొక్కా విప్పి, పెరికిన చెట్లు లాగడానికి వెళ్లాడు. నేనూ వెళ్లాను. చీనీ ముళ్లు జోక్ వినవు.

మధ్యాహ్నం బయలుదేరేటప్పుడు మామ మమ్మల్ని బండి మీద పులివెందుల బస్టాండుకు దింపాడు. బస్సు వచ్చాక అన్నాడు: "ఆ బండ ఖాళీగా కనపడిన ఏడాది మిషను పిలుస్తా అల్లుడా. అమ్మ ఉండేదాక ఆమె పోస్తాది. ఆ తర్వాత ఎవరు పోస్తారో నేనూ సూస్తా."

తిరుగు బస్సులో చాలాసేపు ఆ మాటే తిరిగింది. పగడపు దిబ్బల గురించి నేను చదివినదంతా సముద్రం అవతలి సంగతిలా చదివాను. అక్కడి నీళ్లు వేడెక్కుతున్నాయి, అక్కడి రంగులు పోతున్నాయి, అక్కడ ఎవరో ఏదో చేయాలి. పగడం మీద కాలు పెట్టవద్దని ఈతకు దిగేవాళ్లకు చెబుతారని పుస్తకంలో ఉంది, దానికి ఒక మార్కు ప్రశ్న కూడా వచ్చింది. మా అవ్వ ఆ ప్రశ్న చదవలేదు, కానీ ఆమెకు తెలిసిన జవాబు అదే: ముందు చెప్పులు విడువు. వాడుకునే చోటును పాడుచేయకుండా వాడుకోవడం, ఏటా వచ్చి మళ్లీ దానితో పని కల్పించుకోవడం. బతికున్న దిబ్బలకు ఇది చాలదని నాకు తెలుసు. నీళ్లు చల్లబడాలంటే కొర్రలు సరిపోవు. అయినా కోట్ల ఏళ్ల కిందట ఎవరూ చూడకుండానే కట్టుకుంటూ పోయినవాళ్ల ఇల్లు, చూసే కళ్లున్న మా హయాములో పోకూడదని మాత్రం అనిపించింది. ఇప్పుడు పక్క పొలాలవాళ్లు కూడా చెనిక్కాయలు తారురోడ్డు మీద కాకుండా అక్కడే ఆరబోస్తున్నారని అమ్మ చెప్పింది. నా వేలు ఇంకా ఖాళీగానే ఉంది. నేను కూడా.

వెళ్లాలనుకునేవాళ్లకు కొన్ని సలహాలు. చలికాలంలో వెళ్లండి, పల్లె పేరు కామెంటులో అడగండి, బకిల్ లేని చెప్పులు వేసుకోండి. సంచిలో నీళ్ల సీసాతో పాటు ఒక దోసెడు గింజ ఉంచుకోండి, కొర్రలైనా జొన్నలైనా సరే. మీరు వెళ్లిన రోజు బండ ఖాళీగా ఉంటే, ఫోటో తర్వాత, ముందు గింజ చల్లండి. మామ పొద్దునే ఒకసారి వచ్చి చూసిపోతాడు. చెప్పులు విప్పే చూస్తాడు.